మారండహళ్ళి నుంచి మళ్ళీ తోకచుక్కను చూస్తే

ధర్మపురి జిల్లా పాలక్కోడు నుంచి రాయకోటకు పోయే దారిలో ఉంటుంది మారండహళ్ళి. చుట్టూ రాగి చేలు, టమాటా తోటలు, వాటి వెనక బండరాళ్ళ గుట్టలు. బడిలో తమిళం, కొన్ని ఇళ్ళలో తెలుగు, మరికొన్ని ఇళ్ళలో కన్నడం. మూడు భాషలూ ఒకే బజారులో బేరమాడుకునే ఊరది. ఇలాంటి ఊళ్ళలో పెరిగిన తెలుగు పిల్లలు ఏం చదివారు, ఏ లిపిలో చదివారు, ఆ చదివినవాటిని ఇప్పుడు తిరిగి తెరిస్తే ఏం కనిపిస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు వెతికితే దారి నేరుగా మద్రాసులోని వడపళనికి, చందమామ కార్యాలయానికి తీసుకెళుతుంది.

చందమామ తొలి సంచిక 1947 జూలైలో వచ్చింది. స్థాపకులు బి. నాగిరెడ్డి, చక్రపాణి. వెనువెంటనే, ఆగస్టుకల్లా అదే పత్రిక తమిళంలో అంబులిమామగా వచ్చింది. 1949లో కన్నడ, హిందీ భాషల్లో మొదలైంది. తర్వాతి ఏళ్ళలో మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒడియా, బెంగాలీ వంటి భాషలకూ వ్యాపించింది. మూలం తెలుగులో సిద్ధమయ్యేది. దాన్ని మిగతా భాషల్లోకి అనువదించేవారు. బొమ్మలు మాత్రం అన్నిటికీ అవే. అంటే 1950లలో మారండహళ్ళి పిల్లవాడి చేతికి తమిళ సంచిక అందినా, కన్నడ సంచిక అందినా, అందులోని మాంత్రికుడు ముందుగా తెలుగులోనే మాట్లాడాడన్నమాట. ఇంట్లో అమ్మ మాట్లాడే భాషలో పుట్టిన కథను ఆ పిల్లవాడు బడిలో నేర్చుకున్న అక్షరాల్లో చదువుకున్నాడు.

ఆ రోజుల్లో ఈ ప్రాంతానికి పత్రిక చేరడం అంత సులువు కాదు. మొరప్పూరు నుంచి ధర్మపురి వరకు 1906లో ఒక చిన్న రైలు మార్గం పడింది. 1913లో దాన్ని పాలక్కోడు, రాయకోటల మీదుగా హోసూరు దాకా పొడిగించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో, ఆ రైలు ఆగిపోయింది. చందమామ పుట్టేనాటికి ఈ దారిలో రైలు లేదు. పట్టాలు మళ్ళీ పడి సేలం–బెంగళూరు రైళ్ళు తిరగడానికి చాలా ఏళ్ళు పట్టింది. మాసపత్రిక అంటే నెలకోసారి వచ్చేది. రోడ్డు దారిన వచ్చే ఊరికి అది ఇంకాస్త ఆలస్యం. ధారావాహిక చదివేవారి జీవితంలో ఆ ఎదురుచూపు చాలా పెద్ద భాగం.

ఆ ఎదురుచూపును ఒక కళగా మలిచిన రచయిత దాసరి సుబ్రహ్మణ్యం. తెనాలి ప్రాంతం నుంచి వచ్చి 1952లో చందమామలో చేరారు. అర్ధ శతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు. 2010 జనవరిలో కన్నుమూశారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయా సరోవరం, భల్లూక మాంత్రికుడు అంటూ పన్నెండు ధారావాహికలు రాశారు. ఒక్కోటి నెలల తరబడి, కొన్ని ఏడాదికి పైగా నడిచాయి. ఈ పేర్లు వినగానే ఇప్పటికీ ముఖం వెలిగిపోయే తాతలూ అమ్మమ్మలూ తెలుగునాట లక్షల్లో ఉంటారు. కానీ వాళ్ళలో చాలామందికి ఆ రచయిత పేరు దశాబ్దాలపాటు తెలియదు. పత్రికలో ఆ కథల కింద ఆయన పేరు వేయలేదు. సంపాదకత్వం వహించిన కొడవటిగంటి కుటుంబరావు కూడా చందమామలో రాసిన ఎన్నో రచనలకు తన పేరు పెట్టుకోలేదు. హోమర్ మహాకావ్యాలు రెంటినీ భువనసుందరిగా, రూపధరుడి యాత్రలుగా తెలుగు పిల్లలకు అందించిందీ ఆ సంపాదకవర్గమే.

సాహస కథల చరిత్రలో ఇలాంటి అజ్ఞాతం కొత్త కాదు. స్టీవెన్సన్ రాసిన ట్రెజర్ ఐలాండ్ 1881–82లో యంగ్ ఫోక్స్ అనే పిల్లల పత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు దానిమీద ఆయన అసలు పేరు లేదు. కెప్టెన్ జార్జ్ నార్త్ అనే మారుపేరుతో వచ్చింది. 1883లో పుస్తకంగా వచ్చాకే దాని కీర్తి పెరిగింది. తెలుగు పిల్లలకు ఆ కథ కాంచనద్వీపంగా నండూరి రామమోహనరావు చేతిమీదుగా అందింది. టామ్ సాయర్‌ను, హకల్‌బెరీ ఫిన్‌ను కూడా ఆయనే తెలుగు చేశారు. మిసిసిపీ ఒడ్డున తిరిగే కుర్రాళ్ళ మాటలను కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లలు తమవిగా చేసుకోగలిగారంటే అది ఆయన వాడిన సజీవమైన భాష వల్లే.

ఈ పుస్తకాలను పెద్దయ్యాక మళ్ళీ చదివేవారికి మొదట ఎదురయ్యేది ఒక భయం. చిన్నప్పుడు అంతగా పట్టుకున్న కథ ఇప్పుడు తేలిపోతుందేమో అన్నదే ఆ భయం. తోకచుక్క విషయంలో అది త్వరగానే తీరిపోతుంది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు సముద్రం మీద బయలుదేరి మాంత్రికులున్న దీవికి చేరుకుంటాడు. అక్కడ ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పోరు మధ్య ఇరుక్కుంటాడు. ఒకడికి ఒకటే కన్ను, ఇంకొకడికి నాలుగు కళ్ళు. ఇద్దరి చూపూ నిధి మీదే. సమరసేనుడికి మంత్రాలు రావు. అతని చేతిలో ఉన్నదల్లా కత్తి, కాస్త తెలివి, తన మనుషుల మీద బాధ్యత. ఆ మాంత్రికుల్లో ఎవరి మాట నమ్మాలో అతనికి తెలియదు, పాఠకుడికీ తెలియదు. కథలోని రహస్యమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది. రచయిత ఎక్కడా ముందుకు దూకి చెప్పడు. సమరసేనుడు ఎంత చూస్తే పాఠకుడూ అంతే చూస్తాడు.

రాతలోని పనితనం ఇప్పటి కంటికి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతి భాగం మొదట్లో కుండలీకరణాల్లో జరిగిన కథ నాలుగైదు వాక్యాల్లో వచ్చేస్తుంది. కిందటి సంచిక దొరకని పిల్లవాడు కూడా వెంటనే కథలో పడిపోవచ్చు. ఒక నెల తప్పిపోవడం సహజమైన సరిహద్దు ఊరికి ఇది చాలా పెద్ద వెసులుబాటు. భాగం చివర తలుపు చప్పుడో, ఎదురుగా దూకిన మృగమో, అనుకోని పిలుపో ఉంటుంది. పేజీలు కొన్నే కాబట్టి వర్ణనలకు చోటు లేదు. ఒక వాక్యంలో అడవి, రెండో వాక్యంలో అలికిడి, మూడో వాక్యంలో పరుగు. వాడుక భాషకు దగ్గరగా ఉండే చిన్న వాక్యాలు రాయించడంలో కుటుంబరావు ఎంత పట్టుదలగా ఉండేవారో ఈ పేజీలు చదివితే అర్థమవుతుంది. కోస్తా తెలుగు తెలియని సరిహద్దు తెలుగు పిల్లలకు కూడా ఆ వాక్యాలు అడ్డు తగలవు.

ఇంకో సంగతి వరసగా చదివితేనే తెలుస్తుంది. దాసరి కథల్లో వీరుడు ఒంటరి కాదు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. పాతాళదుర్గంలో ధూమకుడు, సోమకుడు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయా సరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. జంటలో ఇద్దరి స్వభావాలూ ఒకటి కావు. ఒకరు తొందరపడితే ఇంకొకరు ఆగమంటారు. ఒకరికి బలం, ఇంకొకరికి ఉపాయం. పుట్టుక, వృత్తి వేరైనా అడవిలో నిప్పు రాజేసుకుని పక్కపక్కన పడుకుంటారు. స్నేహం ఎలా ఉండాలో ఎక్కడా ఉపన్యాసం ఇవ్వకుండా, ఇద్దరు మనుషులను ఒకే ప్రమాదంలోకి నెట్టి చూపించడం ఆయన పద్ధతి. చిన్నప్పుడు రాక్షసుల కోసం చదివినవారు ఇప్పుడు ఈ జంటల మాటల కోసం చదువుతారు.

బొమ్మలను మరిచిపోతే ఈ చరిత్ర సగమే. దాసరి ధారావాహికలకు బొమ్మలు వేసిన చిత్రకారుడు 'చిత్ర' అన్న పేరుతో సంతకం చేసిన రాఘవన్. కొమ్ముల రాక్షసులు, పొడుగు గడ్డాల మాంత్రికులు, కొండ అంచున వేలాడే యోధులు ఆయన కుంచెలోంచి వచ్చారు. విక్రమార్కుడి భుజం మీద బేతాళుణ్ణి ఎక్కించి దేశమంతటికీ పరిచయం చేసిన శంకర్ తమిళనాడులోని ధారాపురం దగ్గరి ఊరివారు. దాసరి చేరిన 1952లోనే ఆయనా చందమామలో చేరారు. 2020లో మరణించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. తెలుగువారు రాసిన కథకు తమిళుడు బొమ్మ వేస్తే, ఆ బొమ్మతో కథ మళ్ళీ తమిళ, కన్నడ పిల్లల దగ్గరికి వెళ్ళింది. మారండహళ్ళి బజారులో మూడు భాషలు ఎలా కలిసి బతుకుతాయో వడపళని కార్యాలయంలోనూ అలాగే కలిసి పనిచేశాయి.

ఈ ప్రాంతపు పిల్లలకు ఆ బొమ్మల్లోని కోటలు ఊహాలోకానివి కావు. సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాలను ఒకప్పుడు బారామహల్ అనేవారు. గుట్ట గుట్టకూ ఒక దుర్గం ఉన్న నేల ఇది. మారండహళ్ళికి దగ్గరలోని రాయకోట దుర్గాన్ని మూడో మైసూరు యుద్ధంలో, 1791లో, ఇంగ్లీషు సేనలు పట్టుకున్నాయి. మరుసటి ఏడాది శ్రీరంగపట్నం సంధితో బారామహల్ టిప్పు సుల్తాన్ చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. కంపెనీ అధికారి అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన థామస్ మన్రో తన తొలి రెవెన్యూ ఉద్యోగాన్ని ఈ నేల మీదే చేశారు. ఆ మన్రోనే తర్వాత కడప, బళ్ళారి, కర్నూలు, అనంతపురం ప్రాంతాల జనానికి మన్రోలయ్య అయ్యారు. పాతాళదుర్గం చదివే పిల్లకు దుర్గం అన్న మాట దగ్గర రాయకోట గుట్ట గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. సొరంగం, శిథిల గుడి, కూలిన బురుజు ఆ పిల్ల ఎండాకాలం సెలవుల్లో నడిచి చూడగలిగినవే.

అడవి కూడా అంతే. తోకచుక్క మొదలైన 1954లోనే బెంగళూరు వేటగాడు కెనెత్ ఆండర్సన్ తొలి పుస్తకం వెలువడింది. జవలగిరి పులి, గుమ్మలాపురం చిరుత కథలు అందులోనివే. ఆయన తిరిగిన డెంకణికోట, అంచెట్టి, పెన్నాగరం అడవులు మారండహళ్ళికి దూరం కావు. రాత్రిపూట మనుషులను ఎత్తుకుపోయే మృగం ఎక్కడ దాక్కుందో, ఏ అడుగుజాడ దేనిదో ఆనవాలు పట్టడం ఆయన కథల్లోని అపరాధ పరిశోధన. పిల్లల కోసం రాయకపోయినా, ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలంతా వాటిని సాహస కథలుగానే చదివారు. ఇప్పుడు చదివితే చూపు మారిపోతుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల అడవుల్లో కొంత భాగాన్ని 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. పులిని చంపడం వీరత్వంగా కనిపించిన పేజీలోనే, ఆ పులి ఏ గాయం వల్ల మనిషి మాంసానికి అలవాటు పడిందో ఆండర్సన్ శ్రద్ధగా వివరించాడని కూడా ఈనాటి పాఠకుడు గమనిస్తాడు.

మారిన చూపుకు చందమామ పేజీల్లోనూ కొన్ని గుచ్చుకుంటాయి. ఏకాక్షికి ఒంటికన్ను ఉండడం అతని క్రూరత్వానికి గుర్తుగా నిలబడింది. వికృత రూపం, వంకర శరీరం, నల్లని మేని ఛాయ చెడ్డతనానికి చిహ్నాలుగా పదేపదే వస్తాయి. ఒంటికన్నుతో, కుంటికాలితో బడికి వెళ్ళే పిల్లవాడు ఈ బొమ్మలను ఎలా చూసి ఉంటాడు? ఈ జబ్బు ఒక్క చందమామది కాదు. కాంచనద్వీపంలో భయపెట్టేవాళ్ళలో ఒకడు గుడ్డివాడు, ఇంకొకడు ఒంటికాలివాడు. టామ్ సాయర్‌లో విలన్ పేరులోనే అతని జాతి ఉంది. కానీ స్టీవెన్సన్ ఒంటికాలి లాంగ్ జాన్ సిల్వర్‌ను ఒట్టి దుష్టుడిగా వదల్లేదు. అతనికి హాస్యం, తెలివి, కథ చెప్పే కుర్రాడు జిమ్ మీద ఒక రకమైన మమకారం ఇచ్చాడు. మళ్ళీ చదివేవారు ఆ తేడాను పట్టుకోగలుగుతారు. దాసరి మాంత్రికుల్లోనూ అలాంటి సంక్లిష్టత అక్కడక్కడా మెరుస్తుంది. ఒకరిమీద ఒకరికి ఉన్న పగవల్ల వాళ్ళు మనుషుల్లా దిగులుపడతారు, మోసపోతారు.

ఆడపిల్లల లోటు ఇంకా పెద్దది. ఓడ ఎక్కేది మగవాళ్ళు, గుహలో దూరేది మగవాళ్ళు. రాజకుమార్తెను ఎవరో ఎత్తుకుపోతారు, ఇంకెవరో విడిపిస్తారు. కాంచనద్వీపంలో చెప్పుకోదగ్గ స్త్రీ పాత్ర జిమ్ తల్లి ఒక్కతే. ఎనిడ్ బ్లైటన్ 1942లో మొదలుపెట్టి 1963 దాకా ఇరవై ఒక్క పుస్తకాల్లో నడిపిన ఫేమస్ ఫైవ్‌లో అమ్మాయిలున్నారు. వాళ్ళలో జార్జ్ అనే పిల్ల సాహసం చేయాలంటే అబ్బాయిలా ఉండాలని నమ్ముతుంది. ఆన్ వంట చేసి గుడారం సర్దుతుంది. జ్వాలాద్వీపాన్నీ రాకాసిలోయనూ అంతే ఇష్టంగా చదివిన తెలుగు ఆడపిల్లలు ఆ కథల్లో తమకు చోటు లేదని ఎప్పుడో ఒకప్పుడు గమనించే ఉంటారు. అయినా చదివారు. సమరసేనుడి పక్కన తమను తామే నిలబెట్టుకుని చదివారు.

ఈ లోపాలతో ఏం చేయాలి? బ్లైటన్ పుస్తకాలతో ఇంగ్లండులో ఒక ప్రయోగం జరిగింది. 2010లో ప్రచురణకర్తలు ఫేమస్ ఫైవ్ భాషను ఈ కాలానికి తగినట్టు మార్చి అచ్చువేశారు. పాఠకులు ఆదరించలేదు. 2016లో ఆ మార్పులను వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో 2011లో హకల్‌బెరీ ఫిన్‌లోని ఒక అవమానకరమైన పదాన్ని తీసేసి వేసిన ప్రతి మీద కూడా పెద్ద చర్చ నడిచింది. పాత పిల్లల కథను కడిగి తుడిచి ఇవ్వడం కంటే, ఉన్నది ఉన్నట్టు ఇచ్చి పక్కన కూర్చుని మాట్లాడడమే మేలు. ఏకాక్షిని రెండు కళ్ళవాడిగా మార్చేస్తే కథ చెడుతుంది, ప్రశ్న కూడా పోతుంది. అతని ఒంటికన్ను గురించి పిల్లవాడు అడగాలి. పెద్దవాళ్ళు తడుముకోకుండా జవాబు చెప్పాలి.

అలా మాట్లాడాలంటే కథ చేతిలో ఉండాలి కదా. చందమామ 1998–99లో కొంతకాలం ఆగింది. 2007లో యాజమాన్యం మారింది. కొన్నేళ్ళకు పూర్తిగా నిలిచిపోయింది. అంబులిమామా ఆగింది. సరిహద్దు తెలుగు ఇళ్ళలో దీనికి తోడు ఇంకో మార్పు వచ్చింది. తమిళనాడులో 2006 చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఆ పద్ధతిలో చదివిన తొలి పిల్లలు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చారు. ఆ ఊళ్ళలో చాలామంది పిల్లలకు ఇప్పుడు తెలుగు నాలుక మీద ఉంది, కంటికి మాత్రం రాదు. అమ్మతో తెలుగులో పోట్లాడే పిల్ల తెలుగు పుస్తకం అట్ట మీది పేరు చదవలేదు. 1950లలో ఆ పిల్ల ముత్తాతకు కనీసం అంబులిమామ దొరికింది. ఈ పిల్లకు అదీ లేదు.

దొరికేవి మాత్రం ఉన్నాయి. చందమామ ధారావాహికలను విప్పి, బైండు చేయించి, అరలో పెట్టుకున్న ఇళ్ళు తెలుగునాట ఎన్నో. హైదరాబాదులోని మంచి పుస్తకం సంస్థ దాసరి ధారావాహికలను పాత బొమ్మలతో సహా పుస్తకాలుగా తెచ్చింది. ఆ పుస్తకాలపై దాసరి సుబ్రహ్మణ్యం పేరు ఉంది. పత్రికలో ఇన్నేళ్ళు దక్కని గౌరవం అది. ఆ పేరు పలుకుతూ కథ మొదలుపెట్టే హక్కు ఇప్పుడు ప్రతి ఇంటికీ ఉంది.

మారండహళ్ళి లాంటి ఊళ్ళో చేయదగ్గ పని చదివి వినిపించడం. వినడానికి లిపి అక్కర్లేదు. చందమామ మొదలైన రోజుల్లో కూడా పత్రిక ఒకరు చదివితే నలుగురు వినేది. తోకచుక్క భాగాలు దానికి సరిపోయే నిడివిలో ఉన్నాయి. ఒక్కోటి ఒక రాత్రికి చాలు. కోస్తా మాట ఎక్కడైనా తెలియకపోతే ఇంట్లోని మాటను పెట్టి చదవొచ్చు, కథకు ఏమీ కాదు. భాగం చివర ప్రమాదం దగ్గర ఆగి, తర్వాత ఏమవుతుందో ఊహించమని వినేవాళ్ళను అడగవచ్చు. ఏకాక్షి వచ్చిన రోజు అతని కన్ను గురించి, ఊళ్ళో చూపు లేనివాళ్ళ గురించి మాట్లాడవచ్చు. ఓడలో ఒక్క అమ్మాయీ లేదేమని వినే పిల్ల అడిగితే, ఒకమ్మాయిని ఎక్కించి ఆ భాగం నువ్వే మళ్ళీ చెప్పమనవచ్చు. ఆ పిల్ల చెప్పింది తమిళ అక్షరాల్లో రాసుకున్నా సరే, తెలుగు అక్షరాలు నేర్చుకుని రాసుకున్నా సరే. మరుసటి రాత్రి మాత్రం సమరసేనుణ్ణి విడిచిన చోటి నుంచే మళ్ళీ ఎత్తుకోవాలి.